సీసాలో బంతి

మా ఆవిడ జనవరిలో ఒక శనివారం పోయింది. కొలోన్‌లోనే, మా ఇంటికి రెండు ట్రాము స్టాపుల అవతల ఉన్న ఆసుపత్రిలో. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. ఆ చలికాలం అందరిదీ ఒకటే జబ్బు.

ఆ రోజు జరిగింది ఇది. పొద్దున కాఫీ కలుపుకుంటుంటే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అంతవరకూ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఆ పొద్దున మాత్రం నర్సు, "ఇంటివాళ్ళు ఒకరు రావచ్చు" అంది. ఏ విషయమైనా అడిగి తెలుసుకునే అలవాటు నాది. ఎందుకు రావచ్చో మాత్రం అడగలేదు. కాఫీ గిన్నె పొయ్యి మీదే వదిలి వెళ్ళాను. పొయ్యి ఆర్పానా అని ట్రాములో అనుమానం వచ్చింది. ఆర్పానని తర్వాత తెలిసింది.

గౌను వేశారు. రెండు మాస్కులు, కళ్ళకు అద్దాలు, చేతికి గ్లవ్స్. ఆ వేషంలో నేనెవరో ఆమెకు తెలియదేమోనని పేరు చెప్పాను. ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో భార్యకు నా పేరు చెప్పుకోవడం అదే మొదటిసారి. ఆమె కళ్ళు తెరిచి చూసింది. వేళ్ళు కాస్త కదిపింది. మధ్యాహ్నం దాటాక మంచం పక్కన యంత్రం చప్పుడు మారింది. డాక్టరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. కిటికీ బయట మంచు వానగా మారింది. అంతే.

చివరి మాటలు ఏవీ లేవు. ఉన్నవి ముందు రోజు ఫోనులో మాట్లాడినవి. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి అడిగింది.

"ఇంకా మూసే ఉందా?"

"మూసే ఉంది."

"మంచిదే. తెరిచారంటే కింద ఆయన నేను లేకుండా ఆడేస్తాడు."

మూసి ఉన్నది ఊరి చివర గోల్ఫ్ మైదానం. కింద ఆయన అంటే మా బిల్డింగు కింది అంతస్తులో ఉండే జర్మన్ పెద్దాయన, ట్రాము డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె నాతో ఆఖరున మాట్లాడింది ఆ ఆట గురించే. ఈ నాలుగు మాటలూ దాని గురించే రాస్తున్నాను.

ఈ పత్రిక చదివే ఇక్కడి తెలుగువారిలో కొందరు ఆమెను మన ఉగాది కలయికల్లో చూసే ఉంటారు. పచ్చడి గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడేది ఆమే. వేపపువ్వు దొరకని ఊళ్ళో ఆ చేదు ఎక్కణ్ణుంచి వచ్చేదో ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. గోల్ఫ్ ఆడేదని కూడా మీలో చాలామందికి తెలిసి ఉండదు. "చెబితే మనమేదో గొప్పోళ్ళం అనుకుంటారండీ. ఎందుకొచ్చిన గొడవ" అనేది.

ఆమెది వాల్తేరు. తండ్రి అక్కడి గోల్ఫ్ క్లబ్బులో గుమాస్తా. క్లబ్బు వెనకాలే క్వార్టర్సు. ఆడేది పోర్టు అధికార్లు, నేవీ అధికార్లు. క్వార్టర్స్ పిల్లలు కంచె దాటకూడదు. ఆడపిల్లలు అసలే దాటకూడదు. బంతులు మాత్రం కంచె దాటి సరుగుడు తోటలోకి వచ్చి పడేవి. ఆమె వాటిని ఏరి బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది. బంతి పడాల్సిన గుంతల చుట్టూ అక్కడ పచ్చిక, అంటే గ్రీన్, ఉండేది కాదట. ఇసుకలో నూనె కలిపి చదునుగా పరిచేవారట. "గ్రీన్ అన్నది జర్మనీ వచ్చాకే చూశాను. మాది బ్రౌన్" అని ఇక్కడి వాళ్ళకు చెప్పి నవ్వించేది.

క్లబ్బు రీడింగు రూముకు లండను పేపర్లు ఓడ మీద, బాగా ఆలస్యంగా వచ్చేవి. ఆమె తండ్రి కుర్రతనంలో, ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, వాటిలో ఒక వార్త చదివాడు. దాన్ని బతికున్నంత కాలం చెప్పాడు. నేను అల్లుణ్ణి అయ్యాక నాకూ చెప్పాడు. అది ఇది.

1949లో ఇంగ్లండులో బ్రిటిష్ ఓపెన్ జరుగుతోంది. గోల్ఫులో అంతకంటే పాత పోటీ లేదు. ఐర్లండు నుంచి వచ్చిన ఒక ఆటగాడు బాగా ఆడుతున్నాడు. రెండో విడతలో అతను కొట్టిన బంతి పోయి పోయి, ఎవరో తాగి పారేసిన పగిలిన బీరు సీసాలో పడింది. మెడ విరిగిపోయి, కింది భాగం మాత్రం మిగిలిన సీసా. బంతి అందులో గుడ్డులా కూర్చుంది. పోటీ పెద్దల్ని పిలిపించి ఏం చేయాలో అడగవచ్చు. బహుశా బంతిని బయటికి తీసుకోనిచ్చేవారు. కానీ వాళ్ళు వచ్చేదాకా ఆగాలి. అతను ఆగలేదు. గాజు పెంకులు కంట్లో పడకుండా కళ్ళు మూసుకుని, సీసాతో సహా కొట్టాడు. సీసా చెదిరింది. బంతి కొద్ది దూరం వెళ్ళి పడింది. అక్కణ్ణుంచి మళ్ళీ ఆడాడు.

మామగారు దీన్ని ఊరికే చెప్పేవాడు కాదు. అన్నాల దగ్గర చెప్పేవాడు, చేతిలో గరిటెతో. మా బావమరిది అందరికంటే చిన్నవాడు కనుక వాడు సీసా. కదలకుండా కూర్చోవాలి. మామగారు గరిటె ఎత్తి, "కళ్ళు మూసుకోండి" అనేవాడు. పిల్లలందరూ మూసుకునేవారు. ఇత్తడి కంచం మీద ఠంగుమని కొట్టి, "తెరవండి. ఎక్కడ పడింది?" అనేవాడు. కళ్ళు తెరిచి చూస్తే ఎవరో ఒకరి కంచంలో బెల్లం ముక్క ఉండేది. ఆ రోజు కథ ఆ పిల్లది.

నేను వరంగల్ వాణ్ణి. హైదరాబాదులో ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం, అక్కడే పరిచయం. పెళ్ళికి ముందు ఆమె ఈ కథ నాకు క్యాంటీనులో చెప్పింది, టీ గ్లాసును సీసాగా పెట్టి. అంతా విని నేను అన్న మాట మా ఇంట్లో శాశ్వతంగా మిగిలిపోయింది.

"అడగాలె గదా. అడిగితే ఏం బోతది?"

"అడిగితే ఆగాలి కదండీ."

"ఆగితే ఏంది?"

"ఆగితే వెనకాల ఆడేవాళ్ళూ ఆగాలి. మీకేటి, మీరు సీసా పక్కన కుర్చీ ఏసుకుని కూర్చుంటారు."

తర్వాత ఎప్పుడో నేను ఆ పోటీ గురించి వెతికి చదివాను. ఆ ఐర్లండు ఆటగాడు చివరికి మొదటి స్థానంలో ఇంకొకరితో సమంగా నిలిచాడు. విజేతను తేల్చడానికి మళ్ళీ ఆడించారు. అందులో చిత్తుగా ఓడిపోయాడు. గోల్ఫులో తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలుస్తాడు. అంటే ఆ సీసా దగ్గర ఒక్క దెబ్బ ఆదా అయి ఉన్నా మళ్ళీ ఆట అవసరమే ఉండేది కాదు, పోటీ అతనిదే. ఈ సంగతి ఆమెకు సాక్ష్యంలాగా చూపించాను.

"మీ నాన్న ఇది చెప్పలే."

"చెప్పారు. ఓడిపోయాడని మాకు తెలుసు."

"మరి కథల ఎందుకు లేదు?"

"కథ సీసా గురించండీ. కప్పు గురించి కాదు."

మేము జర్మనీ వచ్చిన కొత్తల్లో ఈ తగువు రోజూ వేరే వేరే వేషాల్లో నడిచేది. ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించుకోవడానికి ఊరి ఆఫీసుకు వెళ్ళినప్పుడు నేను బయట అంటించిన నోటీసు పూర్తిగా చదివి, ఏ గదో ఇద్దరిని అడిగి, మూడో మనిషి కోసం చూస్తుంటే, ఆమె అప్పటికే ఒక తలుపు తోసి లోపల కూర్చుని ఉంది. అది తప్పు గది. అయినా అక్కడి అమ్మాయి లేచి వచ్చి మమ్మల్ని సరైన గదికి తీసుకెళ్ళింది. కింద ఆయనతో స్నేహం కూడా అలాగే మొదలైంది. ఆమె పసుపు రంగు చెత్తడబ్బాలో వేయాల్సినది నల్లదానిలో వేసింది. ఆయన పైకి వచ్చి, పేరు తెలియక, "ఫ్రావ్ నఖ్‌బారిన్" అని పిలిచి, అంటే పక్కింటి అమ్మగారూ అని, చెత్త గురించి చాలాసేపు చెప్పాడు. ఆమె ఆయన్ని లోపలికి పిలిచి ఉప్మా పెట్టింది. పేర్లు తెలిశాక కూడా ఆయన ఆమెను అలాగే పిలిచాడు.

గోల్ఫ్ ఆమె యాభై దాటాక మొదలుపెట్టింది. ట్రాము ఆఖరి స్టాపు దాటితే అందరూ ఆడుకోగల చిన్న మైదానం ఒకటి ఉంది, తొమ్మిది గుంతలది. ఒక ఆదివారం అటు నడకకు వెళ్ళాం. కంచె అవతల నుంచి ఒక బంతి ఎగిరి వచ్చి దురదగొండి పొదలో పడింది. ఇక్కడి దురదగొండి సన్న ఆకులది, చూస్తే పుదీనా అనుకుంటాం. నేను హెచ్చరించేలోపే ఆమె చెయ్యి పెట్టి బంతి తీసి, కంచె మీదుగా విసిరింది. అవతల ఉన్నది కింద ఆయన. ఆమె చేతినీ, బంతినీ చూసి, "ఫ్రావ్ నఖ్‌బారిన్, మీరు బంతిని ఇంతకుముందు పట్టుకున్నారు" అన్నాడు.

"పట్టుకున్నాను. కొట్టలేదు" అంది ఆమె, చెయ్యి గోక్కుంటూ.

ఆయన కర్ర ఇచ్చాడు. కొట్టింది. బంతి కదల్లేదు, మట్టిపెళ్ళ లేచింది. ఇంటికి ట్రాములో వచ్చాం. దిగేటప్పుడు, "కంచె ఇవతల పడ్డ బంతులు అవతల ఎలా లేస్తాయో ఇప్పుడు తెలిసింది" అంది.

ఇక్కడ ఊరికే మైదానంలోకి దిగి ఆడనివ్వరు. పరీక్ష రాయాలి. దాన్ని ప్లాట్స్‌రైఫె అంటారు. ప్లాట్స్ అంటే మైదానం. రైఫె అంటే పండటం. పండు పండటమే. మైదానానికి తగినట్టు పండారని వాళ్ళు ఒప్పుకోవాలి. ఈ మాట విన్న రోజు నుంచి ఆమెకు అదే నవ్వులాట. "నేనింకా దోరగానే ఉన్నానండీ" అనేది. కింద ఆయన వారం వారం నేర్పాడు. నిబంధనల పుస్తకం నా వంతు. జర్మన్‌లో ఉన్నది ముందు నేను చదివి, తెలుగులో ఆమెకు చెప్పేవాణ్ణి.

ఆ పుస్తకంలో నాకు నా గెలుపు కనిపించింది. ఎవరో పారేసిన సీసా, డబ్బా లాంటిది బంతికి అడ్డమైతే దాన్ని తీసేయవచ్చు. బంతి అందులోనే ఉంటే బంతిని కూడా తీసి పక్కన వదలవచ్చు. శిక్ష లేదు. ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు కూడా. పరీక్షకు ముందు రోజు సాయంత్రం ఆ పేజీ చూపించాను.

"సదువు. ఇప్పుడేమంటవ్?"

ఆమె రెండుసార్లు చదివింది. "ఇది ఇప్పటి రూలు" అని పుస్తకం మూసింది.

పరీక్షలో సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది, ఖాళీ సీసాలో బంతి. ఆమె మిగతావన్నీ సరిగ్గా రాసి, ఆ ఒక్కదానికి మాత్రం 'ఉన్నచోటి నుంచే ఆడాలి' అన్నదాని పక్కన గీత పెట్టింది. పరీక్ష పెట్టిన ఆవిడ కాగితం చూసి, ఇంత తేలికైనది ఎలా తప్పిందని అడిగింది. మా ఆవిడ తన జర్మన్‌లో చెప్పింది. ఆ జర్మన్‌లో క్రియలు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. తండ్రి, గరిటె, సీసా, 1949. పరీక్ష పెట్టిన ఆవిడ అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకుని, పాసు చేసింది.

తిరిగి వస్తూ ట్రాములో అడిగాను. "తెలిసి తెలిసి తప్పెందుకు రాసినవ్?"

"రాస్తుంటే నాన్న ఎదురుగా కూర్చున్నట్టే ఉందండీ. ఆయన చూస్తుండగా బంతిని చేత్తో ఎలా తీస్తాను?"

ఆ సాయంత్రం కింద ఆయన తలుపు కొట్టి, "ఇఖ్ బిన్ రైఫ్" అంది. పరీక్ష పాసయ్యానని చెప్పడం ఆమె ఉద్దేశం. చెప్పింది మాత్రం 'నేను పండాను' అని. పెద్దాయన నవ్వి నవ్వి మెట్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎప్పుడు ఆటకు బయల్దేరినా ఆయన కింద నుంచి, "పండారా?" అని కేకేసేవాడు. ఆమె పై నుంచి, "పండాను" అని దిగేది. మా మెట్ల దగ్గర ఇప్పుడు ఆ కేక లేదు.

ఆమె గొప్పగా ఆడలేదు. ఈ మాట ఆమే ఒప్పుకునేది. సల్వారు మీద వానకోటు వేసుకుని, తలకు ఉన్ని టోపీ పెట్టుకుని ఆడేది. బంతితో మాట్లాడేది. "ఎల్లు తల్లీ. ఎల్లు. అటేటి, ఇటు." మా అమ్మాయి తల్లిని ఇక్కడి పిల్లల్లా 'మామా' అంటుంది. చదువుకునే రోజుల్లో ఒకసారి వెంట వచ్చి, "మామా, బిట్టె, అందరూ వింటున్నారు" అని బతిమాలుతూ చెవులు మూసుకుంది. "విననీ. వాళ్ళకి తెలుగు రాదు" అంది వాళ్ళమ్మ. "బంతికి వచ్చా?" అంది అమ్మాయి. "నేర్చుకుంటోంది" అంది వాళ్ళమ్మ.

గాలిలో ఊపిన దెబ్బ కూడా దెబ్బే అని లెక్కలో వేసుకునేది. చలికాలంలో, నేల మెత్తగా ఉన్నప్పుడు, బంతిని తీసి తుడిచి కాస్త మంచిచోట పెట్టుకోవచ్చని అక్కడ బోర్డు పెడతారు. అందరూ పెట్టుకునేవారు. ఆమె పెట్టుకునేది కాదు. బురదలోంచే కొట్టి, మొహం మీద పడ్డ బురద తుడుచుకునేది. కింద ఆయన, "ఫ్రావ్ నఖ్‌బారిన్, బోర్డు పెట్టారు, చదవండి" అనేవాడు. "పడ్డ చోటే దానిల్లు" అనేది ఆమె, తెలుగులోనే. ఆయనకు నేను అర్థం చెప్పాను. ఆయన దాన్ని తెలుగులో అనడం నేర్చుకున్నాడు. 'చోటే' అన్నది ఆయన నోట్లో 'సోటె' అయ్యేది. శ్రీకాకుళం వాళ్ళలా అంటున్నాడని ఆమెకు సంబరం.

వాల్తేరు బంతుల్లో ఒకటి ఆమె వెంట తెచ్చుకుంది. పసుపు పచ్చగా మారి, ఒక పక్క పగులు ఇచ్చిన బంతి. వంటింటి కిటికీ గట్టు మీద, కడిగి ఆరబెట్టిన ఆవకాయ సీసాలో ఉంటుంది. దాంతో ఆమె ఎప్పుడూ ఆడలేదు. సీసాలో ఎందుకు పెట్టిందో నేను అడగలేదు. అది మాత్రం అడగకుండానే తెలిసింది.

మొదటి లాక్‌డౌన్ తర్వాత, రెండు వేల ఇరవై మే నెలలో, మైదానం మళ్ళీ తెరిచారు. బయటివాళ్ళు కలిసి ఆడటానికి సవాలక్ష ఆంక్షలు. ఒకే ఇంటివాళ్ళకు ఇబ్బంది లేదు. కింద ఆయనకు వయసు ఎక్కువ, ఆయన కూతురు బయటికి వెళ్ళనివ్వలేదు. అందుకని నేను వెళ్ళాను. కర్రల సంచీ ఉన్న బండి లాగటం నా పని. ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. గుంతలో చెయ్యి పెట్టకుండా నురుగు రబ్బరు ముక్కలు అడ్డం పెట్టారు. బంతి వచ్చి దానికి తగిలి పైనే ఆగేది. "ములగని గుంత ఏం గుంతండీ" అనేది. ఆఫీసు పని ఇంటి నుంచే కనుక సాయంత్రాలు మావే. రోడ్డు మీద కార్లు లేవు, ఆకాశంలో విమానాలు లేవు. పక్షుల గోల వినిపించేది. ఆఖరి గుంత దగ్గర బెంచీ మీద కూర్చుని డబ్బాలో తెచ్చిన పులిహోర తినేవాళ్ళం. ఆమె కింద ఆయన వాటా విడిగా కట్టి తెచ్చేది. తిరిగి వెళ్ళాక ఆయన తలుపు ముందు పెట్టి, గంట కొట్టి, మెట్లెక్కి వచ్చి పై నుంచి చూసేది. ఆయన తీసుకుని పైకి చూసి, "సోటె" అనేవాడు.

ఆ చలికాలం వచ్చేసరికి మళ్ళీ మూశారు.

ఇక అస్థికల సంగతి. ఇది చెప్పకుండా ఆపేస్తే ఈ వ్యాసం ఎందుకు రాశానో మీకు తెలియదు.

ఇక్కడ అస్థికలు ఇంట్లో పెట్టుకోనివ్వరు. శ్మశానంలో చోటు తీసుకుని పాతిపెట్టాలి. లేదా వేరే దేశం తీసుకెళ్తున్నామని ఆధారం చూపాలి. అంతవరకూ అంత్యక్రియలు చేయించే బెస్టాటర్ దగ్గరే కలశం ఉంటుంది. దానికి గడువు ఉంది. మా బావమరిది విశాఖపట్నంలో ఉంటాడు. అక్క పోయిన మర్నాడే ఫోనులో అన్నాడు.

"బావా, అక్కని భీమిలిలోనే కలపాలి. అమ్మనీ నాన్ననీ అక్కడే కలిపేం. నువ్వెలాగైనా తేవాల."

తెస్తానన్నాను. అన్నప్పుడు అది నిజమే. అప్పటికి నాకూ జబ్బు సోకి ఉంది. తగ్గి లేచేసరికి ఫిబ్రవరి అయిపోయింది. గడువు పెంచమని అడిగితే పెంచారు. ఏప్రిల్‌కు టికెట్ తీసుకున్నాను. ఏప్రిల్‌లో అక్కడ ఏం జరిగిందో మీకు తెలుసు. శ్మశానాల ముందే వరసలు. టికెట్ రద్దయింది. బావమరిది కూడా మంచాన పడ్డాడు. మళ్ళీ గడువు అడిగాను. ఎప్పుడు వెళ్ళవచ్చని ప్రతి చోటా అడిగాను. అందరూ మర్యాదగానే చెప్పారు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో కలవలేదు. మరికొన్నాళ్ళు ఆగి అడగమన్నారు.

బెస్టాటర్ దగ్గర ఉండే ఆవిడ మెత్తగా మాట్లాడుతుంది. పోయిన వారం ఫోను చేసింది. "తొందరపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆమె ఇక్కడ అల్మారాలో ఉంది. అది మీకు తెలియాలని" అంది.

మా అమ్మాయి జార్‌బ్రూకెన్‌లో ఉద్యోగం చేస్తుంది. దాన్ని అడిగాను. "నాన్నా, మీరేం చేసినా నాకు ఓకే. కానీ మామా వెయిట్ చేయదు. షీ హేటెడ్ వెయిటింగ్" అంది. 

మొన్న ఆదివారం బావమరిది ఫోను చేశాడు. జ్వరం తగ్గింది. గొంతు ఇంకా పాతాళంలోనే ఉంది.

"బావా, ఒక మాటడుగుతాను. అక్క ఏటనేది? ఎక్కడ కలపమని ఎప్పుడైనా చెప్పిందేటి?"

"చెప్పలేదు. నేను అడగలేదు."

"నువ్వా? నువ్వడగలేదా?" నవ్వాడు. నవ్వు దగ్గయింది. తేరుకున్నాక, "నాన్న గరిటె కథ నీకు చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది. నువ్వు సీసా."

"నేనే. ఎప్పుడూ నేనే. ఒక్కపాలైనా నన్ను బంతిగా ఉండనీలేదు ఎదవలు." అవతల గిన్నెలు కదిలిన చప్పుడు. "కళ్ళు మూసుకో బావా."

నేను ఇలాంటివి చేసే మనిషిని కాను. వంటింట్లో కుర్చీలో కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. అవతల ఠంగుమని చప్పుడైంది. ఇత్తడి కంచం ఇంకా ఉందన్నమాట.

"తెరు. ఎక్కడ పడింది?"

తెరిచాను. ఎదురుగా కిటికీ. గట్టు మీద సీసా. అవతల వీధి, ట్రాము తీగలు. కింద ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, బూట్లకు బ్రష్ కొడుతున్నాడు. గోల్ఫ్ బూట్లు. మైదానం తెరిచి చాలా రోజులైనా ఆయన ఇంకా వెళ్ళలేదు.

"ఇక్కడే పడ్డది" అన్నాను.

అవతల బావమరిది ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"అయితే అక్కణ్ణుంచే ఆడు బావా. నేనేటీ అన్ను."

తర్వాత గొంతు సరిచేసుకుని, "మరి భీమిలిలో నేనేటి కలపను? డబ్బాలో బంతులు ఇంకా ఉన్నాయి నా దగ్గర. రెండు తీసుకెళ్ళి వదిలీమంటావా?" అన్నాడు.

"సముద్రంల చెత్త వేస్తే మీ అక్క నిన్ను తిడుతది."

"అదీ నిజమే" అన్నాడు.

సోమవారం శ్మశానం ఆఫీసుకు ఫోను చేశాను. చెట్ల కింద చోట్లున్నాయన్నారు. ఊరికి ఆ వైపు ట్రాము వెళ్తుందా అని కింద ఆయన్ని అడిగాను. ఇరవై ఏళ్ళు ఆ దారిలోనే నడిపానని చెప్పాడు. తనూ వస్తానన్నాడు. ఆదివారం తుడిచిన బూట్లే వేసుకుంటాడేమో తెలియదు.

రేపు పొద్దున తొమ్మిదింటికి టెర్మిన్, అంటే కలశం పాతిపెట్టడానికి వాళ్ళిచ్చిన సమయం. అమ్మాయి మొదటి రైలుకు వస్తుంది. ముగ్గురం ట్రాములో వెళ్తాం. కలశంతో పాటు వేరే వస్తువు ఏదైనా పెట్టవచ్చా లేదా అన్నదానికి నిబంధనలు ఉంటాయి. శ్మశానం ఆఫీసువాళ్ళు పంపిన కాగితాల్లో అది ఏ పేజీలో ఉంటుందో కూడా నాకు తెలుసు. తెరవలేదు. రేపు పొద్దున బయల్దేరే ముందు ఆవకాయ సీసా మూత తీసి, వాల్తేరు బంతిని కోటు జేబులో వేసుకుంటాను. అక్కడ దాన్ని ఆమె పక్కన పెడతాను. ఎవరినీ అడగను.